చీమలు పట్టని మరక

ఆ వారం మొదట్లో రోజూ దొరస్వామి పెళ్లాం కంటే ముందే నిద్ర లేచాడు. పెళ్లయిన కాలం నుంచి అట్లాంటి పని ఎప్పుడూ చేసి ఎరగడు. లేచీ లేవగానే వాకిట్లోకి వచ్చి, నిలబెట్టిన పికప్ బండి కింద తల పెట్టి చూసేవాడు. నల్లగా మరక కనబడేది. గోడ వార నుంచి దోసెడు ఎర్రమట్టి తెచ్చి దాని మీద చల్లి, కాలితో అణగదొక్కి, వేపపుల్ల నోట్లో పెట్టుకుని ఏమీ ఎరగనట్టు తిన్నె మీద కూర్చునేవాడు.

కాసేపటికి జ్ఞానాంబ చీపురుతో వచ్చేది. ఊడ్చుకుంటూ ఊడ్చుకుంటూ బండి దగ్గర ఆగేది.

"ఏమయ్యా, రాత్రి మన వాకిట్లో పందికొక్కు ఏమన్నా తవ్విందా?"

"ఏమో. ఎందుకు?"

"ఈడ కొత్తమట్టి పడుండాది. పందికొక్కుకు నీ కాలంత కాలు ఉండాదే, అందుకని అడిగినా."

దొరస్వామి పుల్ల నములుతూ ఆకాశం వైపు చూసేవాడు.

దొరస్వామి ఊళ్లో అందరి బండ్లూ తోలిన మనిషి. చెరకు ట్రాక్టర్ తోలాడు, పాల వ్యాను తోలాడు, చిత్తూరులో ఒక బెల్లం మండీ యజమాని దగ్గర చాలా ఏళ్లు డ్రైవరుగా ఉన్నాడు. తనదంటూ ఒక బండి మాత్రం లేదు. మండీ ఆయన కొత్త బండి కొనుక్కుని పాత పికప్‌ను అమ్మేస్తానన్నప్పుడు దొరస్వామికి నిద్ర పట్టలేదు. జ్ఞానాంబకు ఆవులు కొనాలని ఉండేది.

"ఆవైతే పాలిస్తాది. ఆ పాత బండి ఏమిస్తాది?" అంది.

"బాడుగ ఇస్తాది" అన్నాడు దొరస్వామి. కొనేశాడు.

బండి ఇంటికి వచ్చిన రోజు జ్ఞానాంబ తన వంతు ఏదీ తక్కువ చేయలేదు. పసుపు కుంకుమ పెట్టింది, హారతి ఇచ్చింది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. దొరస్వామి వాటిని తొక్కించి, దిగి వచ్చి, ముందు తలుపు తెరిచి పట్టుకుని "ఎక్కు, ఒక చుట్టు తిప్పుకొస్తా" అన్నాడు. అప్పుడే ఆమె కిందికి చూసింది. నిమ్మకాయ చితికిన చోట కాకుండా ఇంకోచోట తడి కనబడింది.

"ఇదేంది?"

"ఏదో కొంచెం కారతాంది. పాత బండి కదా."

"కారే బండి నేనెక్కను. ఒక్క రాత్రి నా వాకిట్లో సుక్క పడకుండా నిలబెట్టు నీ బండిని. ఆ పొద్దు ఎక్కుతా. అంతవరకూ నాకు బస్సుండాది."

ఆ మాట ఊరికే పోయేది కాదు. వచ్చే ఆదివారం పుత్తూరులో ఆమె అక్క రాఘవమ్మ మనవరాలికి చెవులు కుట్టే పండగ. చుట్టాలందరూ వస్తారు. దొరస్వామి ఏళ్ల తరబడి మండీ ఆయన భార్యను పెళ్లిళ్లకూ పేరంటాలకూ కారులో తీసుకుపోయాడు. అదే పెళ్లిళ్లకు జ్ఞానాంబ బస్సులో నిలబడి వచ్చేది. ఈ ఒక్కసారి తన బండిలో, తన పక్క సీట్లో ఆమెను కూర్చోబెట్టుకుని పుత్తూరులో దిగాలని అతని ఆశ. ఆ మాట పైకి చెప్పలేదు. చెప్పే అలవాటు లేదు.

పైకి చెప్పకపోయినా జ్ఞానాంబ తమ్ముడు చిన్నబ్బకు మాత్రం అర్థమైపోయింది. చిన్నబ్బ ఇల్లు పక్క వీధే. పొద్దున కాఫీకి వచ్చే మనిషి, ఈ వారం మరక చూడటానికి వస్తున్నాడు.

"ఏం బావా, చంటిబిడ్డ రాత్రి కూడా తడిపేసిందా?"

"కాఫీ తాగి పో."

"నాకు ఒకటి తోస్తాంది బావా. ఎట్లాగూ పుత్తూరు పోవాల కదా. ఆడ ఎముకలకు కట్టు కట్టే వాళ్లుండారు. బండిని కూడా పడుకోబెట్టి, కోడిగుడ్డు సొన పూసి ఒక కట్టు కట్టించు. నెల దినాలు కదిలించకుంటే సరిపోతాది."

లోపల నుంచి జ్ఞానాంబ నవ్వు వినబడింది. దొరస్వామి గ్లాసు కింద పెట్టి మెకానిక్ రవిచంద్ర దగ్గరికి నడిచాడు.

రోడ్డు మలుపులో రేకుల కింద రవిచంద్ర షెడ్డు. చేతులు ఎంత ఆడతాయో నోరూ అంతే ఆడే మనిషి. వస్తూ వస్తూ ఫ్రిజ్ వచ్చిన పెద్ద అట్టపెట్టె ఒకటి చింపి తెచ్చి బండి కింద పరిచాడు.

"మామా, మట్టి సల్లితే కారేది ఆగదు. యాడ పడతాంది, ఏ రంగు, ఏ వాసన, ఇవి సూడాల. రేపు పొద్దున దాకా దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు. అత్తా, నువ్వు కూడా."

"నేనెందుకు ముట్టుకుంటా? మీ మామకు చెప్పు" అంది జ్ఞానాంబ.

మరునాడు అట్ట మీద మూడు చోట్ల మరకలున్నాయి. ముందు వైపు పచ్చగా నీళ్లు. దాని వెనక నల్లటి చుక్కలు. వెనక చక్రం పక్కన చిక్కగా, గోధుమ రంగులో ఒకటి.

పచ్చ నీళ్లు రేడియేటర్‌వి. పైపు చివర క్లిప్పు వదులైపోయింది. కొత్త క్లిప్పు వేసి బిగించాడు. నల్లచుక్కలు ఇంజన్ ఆయిల్. అడుగున ఆయిల్ దించే బోల్టు విప్పి చూసి రవిచంద్ర పగలబడి నవ్వాడు. వాషరు అరిగిపోతే కొత్తది వేయకుండా ఎవరో బోల్టుకు కుట్టుదారం చుట్టారు.

"మీ మండీ ఆయన మిషన్ కూడా కుట్టేవాడా మామా?"

"ఆయన ఏం ఎరుగు? అది నేను చుట్టిందే" అన్నాడు దొరస్వామి.

రవిచంద్ర నవ్వు మింగేసి కొత్త వాషరు వేశాడు. తర్వాత వెనక చక్రం వైపు పాకబోతే దొరస్వామి ఆపాడు.

"ఆడికి పోవద్దు. అది ఆయిల్ కాదబ్బా, బెల్లం ఊట. ఈ బండి ఇన్నేళ్లూ బెల్లం తప్ప ఇంకోటి మొయ్యలేదు. వానపడితే దిమ్మలు చెమరుస్తాయి, రేకు బెజ్జాల్లో నుంచి కిందికి దిగుతాది. నేను సూసిందే కదా."

రవిచంద్ర వేలితో మరకను అద్ది చూశాడు. జిగటగా ఉంది. రంగూ బెల్లం పాకం రంగే. చెరకు తోటల మధ్య పుట్టి పెరిగిన వాళ్లు ఇద్దరూ. బండి వెనక చిక్కగా కారితే ఆ వైపు మనిషికి ముందు బెల్లమే గుర్తుకొస్తుంది. వేరే సీమ మెకానిక్ అయివుంటే ఇంత సులభంగా ఒప్పుకునేవాడు కాదు.

"నిజమే మామా. కడిగేస్తే పోతాది."

ఇద్దరూ కలిసి అండాలో నీళ్లు కాచి, వెనక బాడీ అంతా పోసి రుద్దారు. బెజ్జాల్లో నుంచి ఎర్రటి నీళ్లు బొటబొటా కారాయి. వాకిలంతా గానుగ దగ్గర వచ్చే వాసన. దొరస్వామికి ఎన్నాళ్లకో గుండె మీది బరువు దిగినట్టయింది. ఆ రాత్రి బాగా నిద్రపోయాడు. అందుకే పొద్దున జ్ఞానాంబ ముందు లేచింది.

"ఇదో, ఇట్రా" అని పిలిచింది.

వెనక చక్రం పక్కన మళ్లీ మరక.

"ఇంకా కొంచెం బెల్లం మిగిలుంటాది" అన్నాడు దొరస్వామి.

జ్ఞానాంబ వంటింట్లోకి పోయి వేలిగోరంత బెల్లం ముక్క తెచ్చి మరక పక్కన పెట్టింది. వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, కాఫీ పెట్టుకుని గ్లాసుతో వచ్చింది. బెల్లం ముక్క కనబడటం లేదు, చీమలే కనబడుతున్నాయి. మరక మీద ఒక్కటంటే ఒక్క చీమ లేదు. దాన్ని చుట్టుకుని పోతున్నాయి.

"బెల్లమంటివి. మా చీమలు ఒప్పుకోలేదు సూడు" అంది.

అప్పటికి చిన్నబ్బ కూడా వచ్చాడు. "బావా, నీకంటే చీమలకే బెల్లం గురించి ఎక్కువ తెలుసు" అని ఆనందపడ్డాడు.

రవిచంద్రను మళ్లీ పిలిచారు. ఈసారి అతను మరకను అద్ది ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మొహం చిట్లించాడు.

"థూ! కుళ్లిన గుడ్డు వాసన. గేర్ ఆయిలు మామా. నిన్న నీ మాట విని వాసన సూడకుండా పోతిని, నాకు బుద్ధి లేదు."

జాకీ పెట్టి చక్రం ఊడదీశాడు. లోపల డ్రమ్ము తెరిచేసరికి ఆయిల్ ముద్దగా ఉంది. బ్రేకు లైనింగులు నూనెలో వేసిన వడల్లా నానిపోయి ఉన్నాయి. రవిచంద్ర స్పానరు కింద పెట్టి దొరస్వామి వైపు తిరిగాడు.

"మామా, బ్రేకు తొక్కితే బండి ఒక పక్కకు లాగడం లేదా?"

"కొంచెం లాగతాది. స్టీరింగు ఇట్లా పట్టుకుని సర్దుకుంటాండా."

"పుత్తూరు దారిలో కార్వేటినగరం దాటినాక మలుపుల్లో కూడా సర్దుకుందువు! అత్తను పక్కన కూర్చోబెట్టుకుని!"

జ్ఞానాంబ గడప మీద నిలబడి వింటోంది. మామూలుగా అయితే ఏదో ఒకటి అనేది. అనకుండా లోపలికి పోయింది. దొరస్వామికి ఆమె వెక్కిరింతల కంటే అదే ఎక్కువ తగిలింది. ఇన్నేళ్లు బండ్లు తోలిన మనిషి, బ్రేకు పక్కకు లాగుతుంటే సర్దుకుని ఊరుకున్నాడు. తన బండి అన్న మురిపెంలో కళ్లు మూసుకుపోయాయి. చక్రం పక్కన గొంతుక్కూర్చుని, రవిచంద్ర అడగకముందే ఒక్కొక్క స్పానరూ అందించాడు.

చక్రం దగ్గర ఆయిల్‌ను ఆపే రబ్బరు సీలు చీలిపోయింది. కొత్త సీలు వేశారు. కొత్త లైనింగులు వేశారు. డ్రమ్మును పెట్రోలుతో కడిగి ఆరబెట్టారు. సాయంత్రం దొరస్వామి చిత్తూరు దాకా పోయి వచ్చాడు. బ్రేకు తొక్కితే బండి గీత గీసినట్టు తిన్నగా నిలబడింది. ఆ సంతోషంలో జ్ఞానాంబకు మల్లెపూలు కొనుక్కొచ్చాడు.

శనివారం పొద్దున అదే చోట మళ్లీ మరక.

రవిచంద్ర తల పట్టుకున్నాడు. "సీలు కొత్తది మామా! నా చేత్తో కూర్చోబెట్టినా. నా బిడ్డ మీద ఒట్టు."

"నిన్ను ఎవరేమన్నారబ్బా."

"ఇంకొకటి తెస్తా. ఇది కూడా పోతే నేను ఈ పని వదిలేసి చేపలు అమ్ముకుంటా." స్కూటర్ ఎక్కి పోయాడు.

దొరస్వామి తిన్నె మీద కూలబడ్డాడు. లోపల జ్ఞానాంబ సంచి సర్దుతోంది. పాపకు కొన్న పట్టు పావడా, గాజులు, గంధం గిన్నె. అరటి గెలను మాత్రం బస్సులో ఎట్లా తీసుకుపోవాలా అని చూస్తోంది. గెల ఎత్తి చూసి, దించి, మళ్లీ ఎత్తింది.

"నువ్వు చిన్నబ్బతో బస్సులో పో. నేను రాను" అన్నాడు దొరస్వామి గుమ్మంలో నుంచి.

"ఎందుకు రావు?"

"అందరూ అడుగుతారు, కొత్త బండి యాడ అని."

జ్ఞానాంబ అతని మొహం చూసింది. చీపురు తీసుకుని వాకిట్లోకి నడిచింది. మరక మీద మట్టి చల్లడానికి ఇప్పుడు ఎవరూ లేరు కదా, తానే చల్లుదామనుకుందో ఏమో, దోసిట్లో మట్టి కూడా తీసుకుంది. వంగి, అట్లాగే ఆగిపోయింది.

చీమలు. మరక దగ్గర కాదు. మరకను దాటుకుని, బారుగా చక్రం ఎక్కి, రబ్బరు మీదుగా లోపలికి పోతున్నాయి. కొన్ని పైకి, కొన్ని కిందికి. కిందికి వచ్చే వాటి నోట్లో ఏదో ఉంది.

ఆమె మట్టి వదిలేసి, గోనెసంచి పరుచుకుని బండి కింద పడుకుంది. బండి వచ్చినాక దాని కిందికి దూరడం ఆమెకు అదే మొదటిసారి. చక్రాల మధ్య అడ్డంగా లావుపాటి ఇనుప గొట్టం. చీమల బారు దాని మీదుగా నడిచి ఒకచోట ఉండకట్టింది.

"ఏమయ్యా! ఇట్రా! ఈ గొట్టం మీద ఖర్జూరపండంత ఏందో ఉండాది. చీమలన్నీ దాని మీదే ఉండాయి."

దొరస్వామి పరిగెత్తుకొచ్చి ఆమె పక్కన పడుకుని చూశాడు. ఇద్దరి తలలూ బండి కింద, నాలుగు కాళ్లూ వాకిట్లో. అప్పుడే వచ్చిన చిన్నబ్బ వీధిలోనే ఆగిపోయాడు.

"అక్కా, ఇద్దరూ ఒకేసారి కారిపోయినారా ఏంది?"

"నోరు మూసుకుని రవిచంద్రను పిల్చుకురా పో!"

రవిచంద్ర వచ్చాడు, దూరాడు, గోటితో గీకాడు. ఉలి పెట్టి కొట్టాడు. కింది నుంచే అతని నవ్వు మొదలై, బయటికి వచ్చేసరికి కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. అరచేతిలో నల్లటి గట్టి ముక్క. నాలుకకు తగిలించి చూసి దొరస్వామికి అందించాడు.

"తిను మామా. నీ మాటే నిజం. బెల్లమే!"

"ఇది యాడిది?"

"ఆ గొట్టానికి పైన ఒక చిన్న మూత ఉండాది. అది దాని ముక్కు. బండి పోతా ఉంటే లోపల వేడెక్కి గాలి పొంగుతాది, ఆ ముక్కులో నుంచి బయటికి పోవాల. మీ బెల్లం ఇన్నేళ్లు సుక్క సుక్కగా దాని మీద కారి రాయి అయిపోయింది. అత్తా, అన్నం కుండకు మూత బిగించేస్తే గంజి ఏమైతాది?"

"పక్కల నుంచి పొంగతాది."

"అంతే. గాలికి దారి లేక ఆయిల్‌ను తోసింది. ఆయిల్ సీలును తోసింది. నేను ఎన్ని సీళ్లు వేసినా తోస్తానే ఉంటాది. మొన్న మనం వేడినీళ్లు పోసినాం కదా, పైపైన నానింది. చీమలకు వాసన తగిలింది."

జ్ఞానాంబ అప్పటికే అండా కింద మంట పెట్టింది. చెంబులతో వేడినీళ్లు పోసి, పాత పళ్లబ్రష్షుతో రుద్ది, మూత వేలితో తాకితే కదిలేదాకా శుభ్రం చేశారు. మళ్లీ కొత్త సీలు వేశారు. లైనింగులకు కొంచెమే తడి తగిలినా, రవిచంద్ర వాటినీ మార్చేశాడు. "మలుపుల దారి. అత్త ఎక్కే బండి" అన్నాడు.

దొరస్వామి చిత్తూరు దాకా పోయి, చక్రాలు బాగా వేడెక్కేలా తిరిగి వచ్చి బండిని వాకిట్లో నిలబెట్టాడు. అట్టపెట్టె తెచ్చి కింద పరవబోయాడు.

"ఆగు. అట్ట మీద నాకు నమ్మకం లేదు. నువ్వు మట్టి సల్లే మనిషివి" అంది జ్ఞానాంబ. లోపలికి పోయి, పండగ కోసం ఇస్త్రీ చేసి పెట్టిన అతని జరీ అంచు తెల్లపంచె తెచ్చింది. మడతలు విప్పి వెనక చక్రం పక్కన పరిచింది.

"ఏమే, అది రేపు కట్టుకునేది!"

"మరక పడకుంటే కట్టుకో."

"పడితే?"

"పడితే నువ్వెట్లాగూ రానంటివి కదా. పంచె ఎందుకు?"

దొరస్వామి అట్టను మడిచి గోడకు ఆనించాడు.

ఆదివారం పొద్దున అతను లేవలేదు. మెలకువ వచ్చినా దుప్పటి ముసుగేసుకుని చెవులు మాత్రం వాకిట్లో పెట్టాడు. చీపురు చప్పుడు దూరం నుంచి మొదలైంది. దగ్గరికి వచ్చింది. ఆగింది. ఎంతకీ మళ్లీ మొదలు కాలేదు.

మొహం మీద తెల్లటి గుడ్డ వచ్చి పడింది.

"లెయ్. కోడీక ఒకటి అంటుకోనుండె, దులిపినా. ఇస్త్రీ పెట్టే పొద్దు లేదు, అట్లే కట్టుకో."

పంచెను వెలుగులోకి పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. మళ్లీ తిరగేసి చూశాడు. తర్వాత స్నానానికి పరిగెత్తాడు.

చిన్నబ్బ అందరికంటే ముందు తయారై వచ్చి బండి ముందు తలుపు తీసి ఒక కాలు లోపల పెట్టాడు.

"దిగు" అంది జ్ఞానాంబ. పట్టుచీర కట్టుకుని, తల్లో మొన్నటి మల్లెలు పెట్టుకుని ఉంది. "అరటి గెల ఒక్కటే వెనక ఉండాది. దానికి తోడు కూర్చో."

"అక్కా, చొక్కా నలుగుతాది!"

"మీ బావ పంచె కంటేనా?"

ఆమె చీర కుచ్చెళ్లు ఒక చేత్తో పట్టుకుని, సీటును కొంగుతో దులిపి, ఎక్కి కూర్చుంది. దొరస్వామి తలుపు మెల్లగా వేశాడు. అవసరం లేకపోయినా గట్టిగా పడిందో లేదో మళ్లీ చూశాడు.

కార్వేటినగరం దాటి మలుపులు మొదలైనప్పుడు ఆమె రెండు చేతులతో ముందు కమ్మీ పట్టుకుంది. ఎదురుగా లారీ వచ్చింది. దొరస్వామి బ్రేకు తొక్కాడు. బండి అటూ ఇటూ లాగకుండా బుద్ధిగా ఆగి, లారీకి దారిచ్చింది. ఇంకో మలుపు దాటేసరికి ఆమె చేతులు ఒళ్లోకి వచ్చేశాయి.

"ఏమయ్యా, మండీ ఆయన పెండ్లాన్ని కూడా ఇట్లానే పక్కన కూర్చోబెట్టుకుని పోతా ఉంటివా?"

"ఆమె వెనక సీట్లో కూర్చునేది."

"ముందు సీట్లో ఎవరు?"

"ఎవరూ లేరు. నా సద్దిమూట ఉండేది."

జ్ఞానాంబ కిటికీ వైపు తిరిగింది. నవ్వుతోందని కదులుతున్న చెవి తమ్మె చూస్తేనే తెలుస్తోంది.

పుత్తూరులో రాఘవమ్మ ఇంటి ముందు పందిరి వేసి, వాకిలంతా అలికి, పెద్ద ముగ్గు పెట్టి ఉంది. చుట్టాలు కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. బండి వాకిట్లోకి మలుపు తిరిగేసరికి రాఘవమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టి ఎదురొచ్చింది.

"మరిదీ, ఆగు ఆగు! ఈడొద్దు! ఆడ రోడ్డు పక్కన పెట్టు. పాత బండి, ఆయిల్ కారతాది. ఇప్పుడే అలికినా!"

దొరస్వామి అలవాటు ప్రకారం వెనక్కి తీయబోయాడు. జ్ఞానాంబ అతని మోచేయి పట్టుకుంది. కిటికీలో నుంచి తల బయటికి పెట్టి, కుర్చీల్లో వాళ్లందరికీ వినబడేటట్టు చెప్పింది.

"అక్కా, మా బండి అట్లాంటిది కాదు. ఏమయ్యా, ముందుకు రానీ. నీడలో పెట్టు."

రాఘవమ్మ పక్కకు తప్పుకుంది. దొరస్వామి ముగ్గు తొక్కకుండా ఒడుపుగా తిప్పి, పందిరి నీడలో బండిని నిలిపాడు. జ్ఞానాంబ దిగి, అరటి గెల జాగ్రత్తగా దించమని తమ్ముడికి చెప్పి, వెనక్కి చూడకుండా లోపలికి పోయింది.

దొరస్వామి మాత్రం భుజం మీద తువ్వాలు జారి కింద పడినట్టు చేసి, దాన్ని తీసుకోవడానికి వంగి, వెనక చక్రం పక్కన ఒకసారి చూశాడు. అలికిన నేల పచ్చగా, పొడిగా ఉంది. ఒక చీమ మాత్రం తిరుగుతోంది. దానికి ఏమీ దొరకలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, చెవులు కుట్టే చోటికి నడిచాడు.